డాష్‌బోర్డ్ లోపల టక్ టక్... డ్రైవర్‌కి చల్లగాలి, పక్క సీటుకి వేడిగాలి

మంచులో_మురళి
మిన్నెసోటాలో ఉంటాం. నిన్న పొద్దున బయట మైనస్ 22 సెల్సియస్. పిల్లాణ్ణి బడి దగ్గర దింపుదామని పికప్ స్టార్ట్ చేస్తే, డాష్‌బోర్డ్ లోపల ఎవరో గోటితో ప్లాస్టిక్ డబ్బా మీద కొడుతున్నట్టు టక్ టక్ టక్. దాదాపు 20 సెకన్లు కొట్టి ఆగిపోతుంది. వారం నుంచి ఇదే వరస.

శబ్దం పోతే పోనీ అనుకోవచ్చు. నా వైపు టెంపరేచర్ 85 ఫారెన్‌హీట్‌కి పెట్టినా ఫ్రిజ్ తలుపు తీసినట్టు గాలి. పక్క సీటుకి మాత్రం పొయ్యి దగ్గర కూర్చున్నంత వెచ్చగా వస్తోంది. ఆ సీట్లో మా ఆవిడ కూర్చుంటుంది కాబట్టి ఈ బండికి ఏ సమస్యా లేదని ఇంట్లో తీర్మానం అయిపోయింది.

షాపులో చూపిస్తే "బ్లెండ్ డోర్ యాక్చుయేటర్ పోయింది, 680 డాలర్లు" అన్నారు. అదే పార్టు ఆన్‌లైన్‌లో 38 డాలర్లు ఉంది. 2013 మోడల్, రెండు వైపులా విడివిడిగా టెంపరేచర్ పెట్టుకునే రకం. ఇంతవరకు నేను వైపర్ బ్లేడ్లు మార్చడం తప్ప బండి మీద చెయ్యి వేసింది లేదు. నా వల్ల అవుతుందా?

డల్లాస్_దొరబాబు
680?! ఆ డబ్బుకి సంక్రాంతికి ఊరెళ్లే టికెట్‌లో సగం వస్తుంది. మీరే చేసుకోండి.

రెంచి_రాంబాబు
పని పెద్దది కాదు, చోటు ఇరుకు. ముందు లోపల ఏం జరుగుతోందో తెలిస్తే భయం పోతుంది.

డాష్‌బోర్డ్ వెనక పెద్ద ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. అందులో ఒక పక్క ఏసీ కాయిల్, ఇంకో పక్క హీటర్ కోర్. ఇంజిన్‌లో కాగిన కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఎప్పుడూ ఆ హీటర్ కోర్‌లో తిరుగుతూనే ఉంటుంది. ఫ్యాన్ తోసిన గాలిలో ఎంత భాగం ఆ వేడి కోర్ మీదుగా పోవాలో, ఎంత పక్క నుంచి పోవాలో నిర్ణయించే రెక్కే బ్లెండ్ డోర్. మీ బండికి అలాంటివి రెండు, ఒక్కో వైపుకి ఒకటి. ఆ రెక్కని తిప్పేది అరచేతిలో పట్టే చిన్న మోటారు. దాన్నే యాక్చుయేటర్ అంటారు. లోపల ఒక మోటారు, మూడు నాలుగు ప్లాస్టిక్ పళ్ల చక్రాలు, రెక్క ఎక్కడుందో కంప్యూటర్‌కి చెప్పే చిన్న సెన్సర్.

బండి స్టార్ట్ చేయగానే కంప్యూటర్ రెక్కని చివరిదాకా తిప్పి చూసుకుంటుంది. చక్రానికి రెండు పళ్లు ఊడితే అక్కడికొచ్చేసరికి జారి, మళ్లీ పట్టి, మళ్లీ జారుతుంది. అదే మీ టక్ టక్. విసుగొచ్చి కంప్యూటర్ వదిలేస్తే శబ్దం ఆగుతుంది, రెక్క మాత్రం ఆగినచోటే ఉండిపోతుంది. మీది చలి వైపు ఆగింది, అంతే.

లంబసింగి_లక్ష్మణ్
మేము ఇక్కడ సున్నా డిగ్రీలు వస్తే చూడటానికి జనం బస్సులేసుకుని వస్తారు. మైనస్ 22లో పిల్లాణ్ణి బడికి పంపుతున్నారా!

మంచులో_మురళి
@లంబసింగి_లక్ష్మణ్ ఇక్కడ అది మామూలు మంగళవారం. పిల్లాడు టోపీ కూడా పెట్టుకోనంటాడు.

టొరంటో_తాతారావు
రాంబాబు గారు చెప్పింది బాగానే ఉంది కానీ తొందరపడి పార్టు కొనొద్దు. నా పాత పికప్‌కి అచ్చం ఇదే లక్షణం, డ్రైవర్ వైపు చల్లగా, అవతల వేడిగా. నేనూ యాక్చుయేటర్ అనుకుని మార్చాను. ఏమీ తేడా లేదు. చివరికి తేలింది హీటర్ కోర్‌లో మడ్డి పట్టిందని. సగం మూసుకుపోయిన కోర్‌లో ఒక అంచు వేడెక్కుతుంది, ఇంకో అంచు వేడెక్కదు. నీళ్ల పైపు పెట్టి వెనక్కి కడిగితే తుప్పు రంగు నీళ్లు వచ్చాయి.

డల్లాస్_దొరబాబు
ఒక వైపు వేడి వస్తోంది అంటే కూలెంట్ బాగానే తిరుగుతున్నట్టే కదా తాతారావు గారూ?

టొరంటో_తాతారావు
అదే నేనూ అనుకున్నాను, అందుకే ఒక శనివారం, 45 డాలర్లు పోయాయి. "తిరుగుతోంది" వేరు, "సరిపడా తిరుగుతోంది" వేరు.

రెంచి_రాంబాబు
తాతారావు గారి మాట నిజమే. రెండింటికీ తేడా తెలుసుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఉంది. ఇంజిన్ బాగా వేడెక్కాక, హీటర్ ఫుల్‌లో పెట్టి, బానెట్ ఎత్తండి. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడలోకి రెండు రబ్బరు గొట్టాలు పోతుంటాయి. ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా, జాగ్రత్తగా, గుడ్డ చుట్టుకుని రెండూ ముట్టుకోండి. రెండూ దాదాపు ఒకేలా కాలుతుంటే కోర్ బాగుంది. ఒకటి కాలుతూ ఇంకోటి గోరువెచ్చగా ఉంటే తాతారావు గారి కేసు. రెండూ చల్లగా ఉంటే కూలెంట్ తగ్గిందో, కూలెంట్ దారి మూసి తెరిచే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందో. క్యాబిన్‌లో తియ్యటి వాసన వచ్చి అద్దం లోపల జిడ్డుగా మంచు పడితే కోర్ కారుతున్నట్టు, అది వేరే యుద్ధం.

అయితే ఈయనకి టక్ టక్ కూడా ఉంది. కోర్ మూసుకుపోతే శబ్దం రాదు. నేను పందెం యాక్చుయేటర్ మీదే కాస్తాను.

అంబర్‌పేట_ఏసీ_షెడ్డు
ముప్పై ఏళ్లుగా ఏసీ పని చేస్తున్నా. పాత బండ్లకి హీటర్‌కి నీళ్ల కుళాయి లాంటి వాల్వ్ ఉండేది, కుళాయి కట్టేస్తే వేడి బంద్. తర్వాత రెక్కలొచ్చాయి, వాటికి కేబుల్. మీట తిప్పితే సైకిల్ బ్రేక్ వైరులాంటి తీగ రెక్కని లాగుతుంది. మా దగ్గరికి వచ్చే జీపుల్లో ఇప్పటికీ అదే. కేబుల్ క్లిప్పు ఊడితే మీ బండి లక్షణమే కనిపిస్తుంది, క్లిప్పు ఎక్కిస్తే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. ఈ మోటార్లు వచ్చాక కస్టమర్‌కి సుఖం, మాకు మెడ నొప్పి.

శ్రీసిటీ_శ్రీను
మా ఊరి పక్కన ఫ్యాక్టరీలో 2016 నుంచి పికప్‌లు తయారవుతున్నాయి. అయినా ఇక్కడ హీటర్ మీట ఎటు తిరిగి ఉందో చూసేవాడే లేడు. మే నెలలో అది ఎర్ర గీత మీద ఉండిపోయిందని తెలియక ఏసీ గ్యాస్ పట్టించుకున్నవాణ్ణి చూశాను.

అంబర్‌పేట_ఏసీ_షెడ్డు
@శ్రీసిటీ_శ్రీను 😂 నెలకి ఇద్దరు వస్తారు అలాంటివాళ్లు. మీట తిప్పి పంపిస్తే "ఫీజెంత?" అంటారు. చాయ్ తాగించమంటాను.

మంచులో_మురళి
గొట్టాలు ముట్టుకున్నాను. రెండూ చేతి తొడుగులోంచి కూడా కాలుతున్నాయి, తేడా లేదు. కూలెంట్ డబ్బాలో గీత దాకా ఉంది. అంటే రాంబాబు గారు పందెం గెలిచినట్టే కదా?

బోస్టన్_భారతి
ఇంకా గెలవలేదు. ఏ యాక్చుయేటరో తేలాలి. ఇలాంటి బండిలో ఒకటి కాదు, నాలుగైదు ఉంటాయి. డ్రైవర్ వేడికి ఒకటి, పక్క సీటుకి ఒకటి, గాలి కాళ్లకా ముఖానికా అద్దానికా అని మార్చేది ఒకటి, బయట గాలి లోపలికి రానివ్వాలా వద్దా అని చూసేది ఇంకోటి. డాష్‌బోర్డ్ లోపల శబ్దం ఎక్కడిదో చెవితో పట్టలేరు, ప్లాస్టిక్ పెట్టె అంతా మోగుతుంది.

నేను చెవిని నమ్మి గ్లవ్ బాక్స్ వెనకది మార్చాను. గంటన్నర పని, గోరు విరిగింది, తాళం తిప్పితే మళ్లీ టక్ టక్. అసలు దొంగ కాళ్ల దగ్గర ఉంది.

పట్టుకునే పద్ధతి ఏంటంటే, ఇంకొకరిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి మీట వేడికీ చలికీ తిప్పమనండి. మీరు కింద దూరి ఒక్కో యాక్చుయేటర్ మీద వేలు ఆనించి ఉంచండి. పాడైనది వేలికి గుచ్చినట్టు కొడుతుంది. మంచిది నెమ్మదిగా జారినట్టు తిరుగుతుంది. చూపు అందనిచోట ఫోన్ కెమెరా ఆన్ చేసి లోపలికి పెట్టండి.

మంచులో_మురళి
మీట తిప్పడానికి మా ఆవిడని అడగాలి. ఆవిడ వైపు వేడి పోతుందేమోనని అనుమానం.

డల్లాస్_దొరబాబు
మాకు ఇదే తిరగేసి జరిగింది. జులైలో, బయట 41 డిగ్రీల ఎండ, నా వైపు రెక్క వేడి వైపు ఆగిపోయింది. ఏసీ ఆన్‌లో ఉంది, ముఖాన వేడిగాలి. ఆఫీసుకి వెళ్లేసరికి చొక్కా పిండుకోవచ్చు. చలికి ఇంకో కోటు వేసుకోవచ్చు గానీ, ఎండకి చర్మం విప్పేయలేం కదా.

మంచులో_మురళి
దొరికింది! గ్యాస్ పెడల్ పైన, మధ్య కన్సోల్ పక్కగా ఉన్న నల్ల డబ్బా. వేలు పెడితే టిక్కు టిక్కుమని కొడుతోంది. భారతి గారూ, మీ సలహా లేకపోతే నేనూ గ్లవ్ బాక్స్ ఊడదీసేవాణ్ణి. పార్టు ఆర్డర్ పెట్టాను, శుక్రవారం వస్తుంది. శనివారం గరాజ్‌లో ముహూర్తం. బయట చలి కాబట్టి ఇంజిన్ నడుపుతూ హీటర్ వేసుకుని చేద్దామనుకుంటున్నా.

బోస్టన్_భారతి
వద్దు వద్దు. గరాజ్‌లో ఇంజిన్ నడపకండి, తలుపు సగం తెరిచి ఉన్నా సరే. బండి పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, పొగలా కనపడదు, ఇంట్లోకి కూడా పాకుతుంది.

రెంచి_రాంబాబు
భారతి గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు. బండిని ముందు బయట వాకిట్లో అరగంట నడిపి క్యాబిన్ వెచ్చబెట్టండి, తర్వాత లోపల పెట్టి ఇంజిన్ ఆపేయండి. వెచ్చబెట్టమనేది మీ సుఖానికే కాదు. ఆ చలిలో ప్లాస్టిక్ గాజులా పెళుసు అవుతుంది. క్లిప్పులు పట్టుకుంటే పుటుక్కున విరుగుతాయి.

ఇక పని. తాళం తీసి బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి పక్కన పెట్టండి. వెంటనే చెయ్యి పెట్టకుండా కొన్ని నిమిషాలు ఆగండి, ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో కరెంటు దిగిపోవాలి. పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది, దాని జోలికి వెళ్లొద్దు. స్టీరింగ్ కింద ప్యానెల్ తీస్తే కాస్త చోటు వస్తుంది. యాక్చుయేటర్‌ని మామూలుగా రెండు మూడు స్క్రూలు పట్టి ఉంచుతాయి. కొన్ని బండ్లకి 8 మిల్లీమీటర్లవి, కొన్నిటికి 7, కొన్నిటికి 5.5. మూడు సాకెట్లూ పెట్టుకోండి. పావు అంగుళం రాట్చెట్, మెడ వంగే జాయింట్ ఒకటి తప్పనిసరి. ఒక స్క్రూ ఎప్పుడూ కంటికి కనపడనిచోటే ఉంటుంది. కంపెనీ ఇంజినీర్‌కి మనమంటే కోపం.

పాతది తీయగానే వెంటనే కొత్తది బిగించొద్దు. రెక్క ఇరుసు బయటికి వచ్చి కనిపిస్తుంది, ఒక పక్క చదునుగా ఉంటుంది. దాన్ని వేళ్లతో తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగి రెండు చివర్లా మెత్తగా తగిలి ఆగితే రెక్క బాగుంది. గట్టిగా పట్టేసినా, ఏమీ తగలకుండా ఊరికే గుండ్రంగా తిరిగినా రెక్కే పాడైనట్టు. అప్పుడు డాష్‌బోర్డ్ మొత్తం దించాలి. అలాంటప్పుడు షాపువాడికి డబ్బులిచ్చి నమస్కారం పెట్టేయడమే.

కాకినాడ_కాజా
డాష్‌బోర్డ్ దించడం నేను చూశాను. బండి లోపల పెళ్లి పందిరి పీకేసినట్టు ఉంటుంది.

డల్లాస్_దొరబాబు
కొత్త యాక్చుయేటర్ రంధ్రం, ఇరుసు ఒకే కోణంలో ఉండవు ఒక్కోసారి. అప్పుడు బిగించకముందే కనెక్టర్ పెట్టి తాళం ఆన్ చేస్తే అదే తిరిగి సరిపోతుంది. నేను అలాగే చేశాను.

రెంచి_రాంబాబు
అది నేను ఒప్పుకోను దొరబాబు గారూ. బయట గాల్లో వేలాడుతూ తిరిగితే దాన్ని ఆపే రెక్క లేదు. కొన్ని రకాలు చివరిదాకా పోయి కోణం ఇంకా తప్పుతుంది. ఇరుసునే వేళ్లతో తిప్పి యాక్చుయేటర్‌కి సరిపెట్టాలి. రెక్క తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. యాక్చుయేటర్ని మాత్రం ప్లయర్‌తో పట్టి తిప్పొద్దు, కొత్త పళ్లు కూడా ఊడతాయి.

డల్లాస్_దొరబాబు
నాది మూడేళ్లుగా పనిచేస్తోంది మరి.

రెంచి_రాంబాబు
హెల్మెట్ లేకుండా మూడేళ్లు తిరిగినవాళ్లూ ఉన్నారు.

అంబర్‌పేట_ఏసీ_షెడ్డు
ఇద్దరూ కొట్టుకోకండి. ఇరుసు తిప్పడమే మంచిది. ఇంకో మాట, స్క్రూ సాకెట్‌లోంచి జారి పడకుండా సాకెట్ లోపల చిన్న కాగితం ముక్క కుక్కి స్క్రూ తల బిగుతుగా దింపండి. పడిపోతే మాత్రం కార్పెట్ కింద వెతకాల్సిందే.

మంచులో_మురళి
శనివారం, మధ్యాహ్నం 3:10. డ్రైవర్ సీటు పూర్తిగా వెనక్కి తోసి, తల పెడళ్ల దగ్గర, కాళ్లు సీటు మీద. పిల్లాడు టార్చి పట్టుకున్నాడు, మధ్యమధ్యలో నా ముక్కులోకి వెలుగు కొడుతున్నాడు. రెండు స్క్రూలు పది నిమిషాల్లో వచ్చాయి. మూడోది కనపడటం లేదు. కెమెరాలో చూస్తే వెనక వైపు, పైకి తిరిగి ఉంది.

మంచులో_మురళి
4:25. మూడోది వచ్చింది. వచ్చి పడిపోయింది. రాంబాబు గారి ఇంజినీర్‌ని నేను కూడా తిట్టుకున్నాను.

కాకినాడ_కాజా
అయస్కాంతం!!

మంచులో_మురళి
5:00. ఫ్రిజ్ తలుపు మీద పిల్లాడు అతికించిన డైనోసార్ అయస్కాంతాన్ని తాడుకి కట్టి కార్పెట్ కింద లాగితే స్క్రూ దొరికింది. దాంతో పాటు 2016 నాటి పార్కింగ్ రసీదు, రెండు క్వార్టర్ నాణేలు, ఎండిపోయిన జంతిక ముక్క.

ఇరుసు తిప్పి చూశాను. మెత్తగా తిరిగింది, రెండు చివర్లా తగిలింది. రెక్క బాగుంది.

ఆగలేక పాత యాక్చుయేటర్ విప్పాను. చుట్టూ క్లిప్పులు ఎత్తితే మూత వచ్చింది. లోపల తెల్లటి చక్రాలు, తేనె రంగు గ్రీజు. అన్నిటికంటే పెద్ద చక్రానికి ఒకచోట మూడు పళ్లు లేవు. ఊడిన మూడూ గ్రీజులో పక్కపక్కనే అతుక్కుని ఉన్నాయి, బియ్యంలో నూకల్లా. వాటి కోసం 680 డాలర్లు!

బోస్టన్_భారతి
నూకలు దాచండి, గాజు సీసాలో పెట్టుకుని చూసుకోవచ్చు.

టొరంటో_తాతారావు
పాతది పారేయొద్దు, అటుపక్క మోటారు ఇంకా బాగుంటే రేపు పళ్ల చక్రం దొరికితే పనికొస్తుంది.

రెంచి_రాంబాబు
తాతారావు గారూ, 38 డాలర్ల పార్టుకి అంత సంసారం అక్కర్లేదు.

మంచులో_మురళి
5:50. కొత్తది బిగించాను, బ్యాటరీ పెట్టాను, స్టార్ట్ చేశాను. టక్ టక్ లేదు! కానీ ఇప్పుడు నా వైపు 60కి పెట్టినా 85కి పెట్టినా ఒకేలా గోరువెచ్చగా వస్తోంది. నేనేమైనా తప్పు చేశానా? టెన్షన్‌గా ఉంది.

డల్లాస్_దొరబాబు
చెప్పానా, కనెక్టర్ ముందే పెట్టాల్సింది.

రెంచి_రాంబాబు
అదేం కాదు. కొత్త యాక్చుయేటర్ సున్నా ఎక్కడుందో కంప్యూటర్‌కి ఇంకా తెలియదు. క్యాలిబ్రేషన్ చేయాలి. మీ ఓనర్ మాన్యువల్‌లో ఫ్యూజుల పట్టీ చూసి హీటర్ కంట్రోల్‌ది కనుక్కోండి. బండి ఆపి ఆ ఫ్యూజు పీకి ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. తర్వాత తాళం ఆన్ చేసి రెండు నిమిషాలు ఏ మీటా ముట్టుకోకుండా కూర్చోండి. లోపల రెక్కలన్నీ ఒక్కోటిగా ఆ చివరికీ ఈ చివరికీ తిరిగి చూసుకుంటాయి, సన్నగా గుర్రుమని వినిపిస్తుంది. కొన్ని మోడళ్లకి ఇది సరిపోదు, స్కానర్‌తో ఆదేశం ఇవ్వాలి. ముందు ఇది చేసి చూడండి.

బోస్టన్_భారతి
రెండు నిమిషాలు ముట్టుకోకుండా అంటే నిజంగా ముట్టుకోకుండా. నేను మధ్యలో ఫ్యాన్ మీట తిప్పి మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

మంచులో_మురళి
6:20. పని అయిపోయింది!! పిల్లాడి రెండు చేతులూ జేబుల్లో పెట్టించి, నావి తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. గుర్రు... గుర్రు... తర్వాత నిశ్శబ్దం. వాకిట్లోకి తీసి ఇంజిన్ వేడెక్కనిచ్చి 85కి పెడితే వేడి, 60కి పెడితే చలి. రెండు వైపులా.

మొత్తం ఖర్చు పార్టుకి 38, మెడ వంగే జాయింట్‌కి 9. పని మూడు గంటలు, అందులో గంట ఒక్క స్క్రూకే. అందరికీ చాలా చాలా థాంక్స్. రాంబాబు గారూ, మీరు ఒహాయోలో కాకుండా మా పక్క వీధిలో ఉంటే గారెలు వేడివేడిగా పంపేవాళ్లం.

అంబర్‌పేట_ఏసీ_షెడ్డు
మొదటిసారి మూడు గంటల్లో అంటే శభాష్. నా దగ్గర కొత్త కుర్రాళ్లు పూట మొత్తం తీసుకుంటారు.

కాకినాడ_కాజా
అన్ని స్క్రూలూ తిరిగి పెట్టారా?

మంచులో_మురళి
ఒకటి మిగిలింది. స్టీరింగ్ కింద ప్యానెల్‌ది అనుకుంటున్నాను. ప్యానెల్ గట్టిగానే ఉంది.

రెంచి_రాంబాబు
పెట్టండి మురళి గారూ. మార్చిలో గతుకుల రోడ్డు మీద ఆ ప్యానెల్ కిర్రుమంటుంది, మీరు మళ్లీ ఇక్కడికొచ్చి కొత్త శబ్దం అని రాస్తారు.

లంబసింగి_లక్ష్మణ్
మేడమ్ గారు ఏమన్నారు ఇంతకీ?

మంచులో_మురళి
@లంబసింగి_లక్ష్మణ్ ఎక్కి కూర్చుని రెండు నిమిషాలకి "ఇదివరకంత వేడి రావట్లేదు నా వైపు" అంది.